కొబ్బరికాయకు అల్లిన టోపీ

మా కొవ్వూరులో చలి ఉండేది ఎన్నాళ్ళని? ధనుర్మాసంలో తెల్లవారుజామున గోదావరి మీద నుంచి గాలి కొడుతుంది. దుప్పటి ముసుగు తన్ని పడుకుంటే అదే పోతుంది. ఆ కాస్త చలికోసం దుకాణానికి వెళ్ళి ఊలు కొనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. కానీ మా మనవరాలు బతికి బట్టకట్టిందంటే ఆ ఊలు వల్లే. అది ఎలా జరిగిందో రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నేను చదివింది మూడో తరగతి దాకానే. తప్పులుంటే మా అమ్మాయి దిద్దుతుంది.

ముందు మా ఇంట్లోకి ఊలు ఎలా వచ్చిందో చెప్పాలి. గోదావరి మీద కొత్త రైలు వంతెన కడుతున్న రోజుల్లో ఆ పనిమీద ఉత్తరాది నుంచి వచ్చిన ఇంజనీరొకాయన మా మేడమీద వాటాలో అద్దెకుండేవాడు. ఆయన భార్యకు తెలుగు రాదు, నాకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. నీళ్ళు ఎక్కువ వాడొద్దని చేత్తో సైగ చేసి చెప్పడం తప్ప మా ఇద్దరికీ మాటలుండేవి కావు. ఆవిడ మధ్యాహ్నం పూట మెట్లమీద కూచుని రెండు పొడుగాటి సూదులతో అల్లుతూ ఉండేది. మండు వేసవిలో కూడా అల్లేది. ఈవిడకు చెమట పట్టదా అనుకుంటూ నేను కింది మెట్టుమీద కూచుని బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. ఏరుతూ ఏరుతూ ఆ వేళ్ళ వంకే చూసేదాన్ని. ఒకరోజు ఆవిడ నవ్వి, సూదులు నా చేతిలో పెట్టి, నా వెనక కూచుని, నా చేతుల మీద చేతులు వేసి అల్లించింది. అలా వచ్చింది నాకు ఆ విద్య. వాళ్ళకు బదిలీ అయి వెళ్ళేటప్పుడు బూడిదరంగు ఊలు ఉండలు కొన్ని, ఒక జత సూదులు నాకిచ్చి వెళ్ళింది. ఊరికే వచ్చిందాన్ని పారెయ్యడం నా వల్ల కాదు. మా ఆయనకు స్వెట్టరు అల్లాను. ఎడమ చెయ్యి కుడి చెయ్యికన్నా బెత్తెడు పొడుగొచ్చింది. ఆయన ఆ చెయ్యి మడిచి తొడుక్కుని, ఏటేటా చలికాలం పొద్దున్నే అరటితోటకు వెళ్ళేవారు. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ కొలత తియ్యకుండా ప్రేమకొద్దీ అల్లిందండీ" అనేవారు.

ఆ స్వెట్టరు మోచేతుల దగ్గర పలచబడి, మెడ దగ్గర సాగిపోయాక, మా అమ్మాయికి మొదటి కాన్పు వచ్చింది. రాజమండ్రిలో ఆస్పత్రి. నెలలు నిండకుండానే పురుడు వచ్చేసింది. ఆడపిల్ల. ఏడుపు గట్టిగానే ఉంది గానీ మనిషి పిడికెడు. అద్దాలపెట్టెలో పెట్టారు. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. అద్దం ఇవతల నేనూ, మా వియ్యపురాలూ నిలబడి చూశాం.

మా వియ్యపురాలిది రావులపాలెం అవతల కోనసీమలో ఊరు. కబురు తెలియగానే తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని, చెవులకు మెరూన్ రంగు మఫ్లరు చుట్టుకుని, ఒక సంచిలో అరటిపళ్ళు, ఇంకో సంచిలో కొబ్బరికాయలు వేసుకుని దిగింది. నాకన్నా పెద్దావిడ. నాకన్నా మొండిది కూడా. ఆవిడ అద్దంలోంచి కాసేపు చూసి, "తల పీచు తీసిన కొబ్బరికాయంత ఉందండీ వదినగారూ" అంది. నాకూ అలాగే అనిపించింది.

డాక్టరమ్మ వచ్చి మా ఇద్దరికీ కలిపి చెప్పింది. "ఊపిరి బాగానే ఉందండి. బరువే తక్కువ. ఒంట్లో వేడి నిలబడట్లేదు. ఇంటికి తీసుకెళ్ళాక తలకి ఊలు టోపీ, పాదాలకి ఊలు మేజోళ్ళు ఎప్పుడూ ఉండాలి. పిల్ల చల్లబడకూడదు. చల్లబడిందంటే నేను కూడా ఏం చెప్పలేను."

మా అల్లుడు ఆ మాట వింటూనే మెయిన్ రోడ్డుకు పరిగెత్తి గులాబీరంగు టోపీ, మేజోళ్ళు కొనుక్కొచ్చాడు. వాళ్ళమ్మ వాటిని అతని చేతిలోంచి తీసుకుని తన సంచిలో పెట్టి జిప్పు లాగేసింది.

"అదేంటమ్మా? డాక్టరుగారు చెప్పారు కదా!"

"డాక్టరుగారు ఊలన్నారు. కొత్తదనలేదు కదా. పురుడు వెళ్ళకుండా పసిగుడ్డు ఒంటిమీద కొత్త గుడ్డ పడకూడదు. మనింట్లో లేదు."

పురిటిబిడ్డకు పదకొండో రోజు స్నానం దాకా పాతబట్టే వెయ్యడం మా వైపూ ఉంది. పెద్దవాళ్ళు కట్టి నలిగిన పాతపంచె చింపి అందులో చుడతాం. మెత్తగా ఉంటుంది, పైగా కట్టినవాళ్ళ ఆయుష్షు తగులుతుందంటారు. కానీ నెల తక్కువ పిల్ల, ధనుర్మాసపు చలి, గోదావరి ఒడ్డున ఇల్లు. పాతపంచె చాలదని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసని ఆవిడ మొహమే చెబుతోంది. అయినా జిప్పు తియ్యలేదు.

మంచంమీద మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "అమ్మా, ఏదో ఒకటి చెయ్యి. ఆవిడతో మాత్రం పోట్లాడకు. రేపు నేనే కదా ఆ ఇంట్లో ఉండాల్సింది. పిల్ల మాత్రం చల్లబడకూడదమ్మా."

రెండూ కావాలంది. పోట్లాట వద్దు, పిల్ల చల్లబడొద్దు. నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు. ఈలోగా నేను పాత ఊలుటోపీ ఎక్కడైనా పుట్టించాలి.

రాజమండ్రి నుంచి ఇంటికి బస్సులో రోడ్డు వంతెన దాటుతున్నంతసేపూ అదే ఆలోచన. మా వీధిలో ఊలుబట్టలున్న ఇళ్ళు ఎన్నని? ఒకరింట్లో ఉన్న టోపీని చిమ్మెటలు జల్లెడ చేశాయి. ఇంకొకరు తెచ్చిచ్చింది ఏడాది పిల్లాడిది. అది మా పిల్లకు పెడితే టోపీ కాదు, గోనెసంచి అవుతుంది. ఉత్తచేతులతో ఇంటికి వచ్చేసరికి మా ఆయన తోటనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. ఎడమ చెయ్యి మడిచిన స్వెట్టరు ఒంటిమీదే ఉంది. వియ్యపురాలు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరుగారు ఊలన్నారు, కొత్తదనలేదు.

"ఆ స్వెట్టరు ఇలా ఇవ్వండి" అన్నాను.

"ఉతకడానికా? మొన్ననేగా ఉతికావు?"

"కాదు, దారం పీకెయ్యడానికి. మనవరాలికి టోపీ అల్లాలి. పాత ఊలే కావాలి."

ఆయన అక్కడే నిలబడి తీసి నా చేతికిచ్చి, "పొడుగు చెయ్యి ముందు పీకు. ఇన్నేళ్ళూ నన్ను ఏడిపించింది అదే" అన్నారు.

అల్లినదాన్ని విప్పడానికి కూడా ఓపిక కావాలి. ముందు పక్కల కుట్లు బ్లేడుతో తెంపాలి. అల్లిక దారం తెగకూడదు. తర్వాత మెడ దగ్గర ఆఖరి ముడి ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. అది దొరికితే ఇక లాగడమే. సరసరా వచ్చేస్తుంది. వచ్చిన ఊలు సేమ్యాలాగా ఉంగరాలు తిరిగి ఉంటుంది. అలాగే అల్లితే గుంటలు పడుతుంది. అందుకని తిరగేసిన పీట కాళ్ళకు చుట్టి, ఆ చుట్టను విడిపోకుండా చిలపగా తీసి, కుంకుడురసంలో పిండకుండా ముంచి తీసి, దండెంమీద వేసి, కింద నీళ్ళ చెంబు వేలాడదీశాను. ఆ బరువుకు ఉంగరాలు సాగి తిన్నగా అవుతాయి. ఇది పై వాటా ఆవిడ నేర్పింది కాదు. ఆవిడ కొత్త ఊలుతోనే అల్లేది. పాతదాన్ని మళ్ళీ వాడుకోవడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం వియ్యపురాలు స్నానానికి, భోజనానికి మా ఇంటికి వచ్చింది. పెరట్లో వేలాడుతున్న చిలపను చూసి దగ్గరకు వెళ్ళి పట్టుకుంది. అప్పటికి ఆరిపోయింది.

"ఇదేంటండీ?"

"మీ అన్నయ్యగారి స్వెట్టరండి. దీంతో పిల్లకు టోపీ అల్లుదామని. ఇది పాతది కిందే లెక్క వస్తుందంటారా, కొత్తదవుతుందంటారా? మీరెలా అంటే అలాగే."

ఆవిడ కాదంటే స్వెట్టరూ పోయింది, దారీ పోయింది. ఆవిడ చిలపను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"అన్నయ్యగారు ఎన్నేళ్ళు తొడిగారేంటి?"

"నాకు గుర్తున్నంత కాలం చలికాలానికి అదే."

"పెద్ద జబ్బులేమీ చెయ్యలేదు కదా ఎప్పుడూ?"

"ముక్కు చీదడం కూడా చూళ్ళేదు."

"అయితే పాతదే" అని, అక్కడే అరుగుమీద కూలబడి రెండు చేతులూ ముందుకు చాచింది. "ఇలా వెయ్యండి. ఉండ చుట్టాలి కదా."

ఆ చిలపను ఆవిడ రెండు చేతులకూ తగిలించి, ఎదురుగా కూచుని నేను ఉండ చుట్టడం మొదలుపెట్టాను. దారం వస్తున్నకొద్దీ ఆవిడ చేతులు అటూ ఇటూ ఊగుతున్నాయి. కాసేపటికి, నేను అడగకుండానే, ఆవిడ చెప్పింది.

"మీ అల్లుడికి ముందు నాకొక పిల్ల పుట్టిందండి. మా ఆడపడుచు ముచ్చటపడి పట్టుగౌను తెచ్చింది. పురుడు వెళ్ళలేదు, వద్దంది మా అత్తగారు. నేనే వేశాను. బొమ్మలాగా ఉందండీ. పురిటి స్నానం చూడలేదది."

కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులూ ఊలులో ఉండిపోయాయి, తుడుచుకోవడానికి లేదు. నేను ముందుకు వంగి నా కొంగుతో తుడిచాను. రెండో చెయ్యి మాత్రం ఉండ చుడుతూనే ఉంది. ఆపితే ఆవిడ చెప్పడం ఆపేస్తుందనిపించింది.

"గౌనువల్ల కాదని మీ అల్లుడు చెబుతాడు. చదువుకున్నాడు కదా. నాక్కూడా తెలుసండీ కాదని. కానీ మళ్ళీ వెయ్యలేను" అంది.

నేను ఓదార్పు మాటలు చెప్పే మనిషిని కాదు. "చెయ్యి కాస్త ఎత్తండి, దారం పట్టేస్తోంది" అన్నాను. ఆవిడ ఎత్తింది.

ఇక అల్లిక. తల కొలత కావాలి. పిల్లను ముట్టుకోనివ్వరు కదా. ఆవిడ అన్న మాట పట్టుకుని మా వంటింట్లోంచి పీచు తీసిన కొబ్బరికాయ ఒకటి తెచ్చి ముందు పెట్టుకుని, దానికి సరిపోయేలా అల్లాను. నున్నటి కొస దగ్గర ముడి వేసి, మూడు కళ్ళవైపు అంచు వచ్చేలా తొడిగి చూసుకున్నాను. అచ్చం సరిపోయింది. మా ఆయన మంచినీళ్ళకు వంటింట్లోకి వచ్చి, గట్టుమీద టోపీ పెట్టుకుని కూచున్న కొబ్బరికాయను చూసి, "దీనికేం జలుబు చేసిందే?" అన్నారు.

టోపీ పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాం. నర్సు పెట్టి చూసింది. దిగలేదు. నడినెత్తి మీద చిన్న గిన్నెలాగా నిలబడింది. మా అమ్మాయి మొహం వాడిపోయింది. వియ్యపురాలు టోపీని అటూ ఇటూ తిప్పి నా వంక చూసింది.

"ఏ కాయమీద అల్లారండీ?"

"మా పెరటికాయ మీద."

"అయ్యో వదినగారూ! నేను కొబ్బరికాయంటే మా కోనసీమ కాయండి. మీ కొవ్వూరు కాయలు కాయలేనాండీ?"

"మా కాయలకేం వచ్చిందండీ?"

"ఏం రాలేదండీ. కొబ్బరి కూడా రాదు."

పురుడు వచ్చాక మా అమ్మాయి నవ్వడం అదే మొదటిసారి. పొట్టమీద చెయ్యి పెట్టుకుని, నొప్పికి మూలుగుతూ నవ్వింది. ఇంటికి వచ్చి ఆ టోపీ పీకేసి, ఆవిడ సంచిలోని కాయ తీసుకుని, పీచు తీసి, దానిమీద మళ్ళీ అల్లాను. ఈసారి ఆవిడ పక్కనే కూచుని ప్రతి వరసకూ కాయకు తొడిగి చూసింది. చెవులు మూసుకునేలా రెండు రెక్కలు కూడా పెట్టించింది. అది పిల్లకు చెవులమీదికి చక్కగా దిగింది.

మేజోళ్ళ దగ్గరకు వచ్చేసరికి ఊలు చాలలేదు. స్వెట్టరు ఒళ్ళు ఇన్నేళ్ళ ఉతుకులకు అట్టకట్టి విడిరాలేదు, మోచేతుల దగ్గరిది, మెడ దగ్గరిది లాగితే తెగిపోయే ఊలు. ముడులు వేసి కలపొచ్చు గానీ ముడులు పసిపాదానికి గుచ్చుకుంటాయి. పక్కింటావిడ తన దగ్గరున్న కొత్త ఊలు కాస్త ఇస్తానంది. పాతదాంతో కలిపేస్తే ఎవరికి తెలుస్తుందని కూడా అంది. నాకు తెలుస్తుంది కదా. పట్టుగౌను సంగతి విన్నాక ఆ పని నా వల్ల కాదు. మర్నాడు పొద్దున్నే పిల్లను తీసుకెళ్ళమన్నారు. వంతెనమీద గాలికి పిల్ల పాదాలు ఎలాగా అని కూచుంటే, వియ్యపురాలు వచ్చి తన మెరూన్ మఫ్లరు నా ఒళ్ళో పడేసింది.

"పీకండి."

"ఇది మీ బస్సు ప్రయాణాలకు కదండీ? చెవిపోటు మనిషి మీరు."

"కాశీ వెళ్ళినప్పుడు మావారు కొనిపెట్టారండి. అప్పటినుంచీ ఉంది. నేను కూడా గట్టిదాన్నే, ఇంకా ఉన్నాను కదా. పీకండి, పొద్దుపోతోంది."

భర్త కొనిపెట్టింది. ఆయన ఉన్నారు, ఊళ్ళో పొలం చూసుకుంటున్నారు. అయినా ఆడవాళ్ళకు అలాంటివి ఎన్ని ఉంటాయి? నేను కొస వెతకలేకపోతే ఆవిడే వెతికి లాగింది. దాన్ని ఉతికే టైము లేదు. ఉంగరాల ఊలుతోనే అల్లేశాను. మేజోళ్ళు కాస్త గుంటలు గుంటలుగా వచ్చాయి. పాదానికి మాత్రం మెత్తగా ఉన్నాయి.

పొద్దున్నే టాక్సీలో వచ్చాం. తలమీద తాతగారి స్వెట్టరు, కాళ్ళకు నాయనమ్మ మఫ్లరు. మధ్యలో పాతపంచె, దానిమీద నా పాత చీర. వంతెనమీద మా వియ్యపురాలు అద్దాలన్నీ ఎక్కించమని డ్రైవరును కసిరింది. మేజోళ్ళ లోపలికి వేలు పెట్టి చూసి, "వెచ్చగా ఉన్నాయండీ" అంది. ఇంటికి వచ్చేలోపు ఆ మాట ఎన్నిసార్లు అందో. అన్నప్పుడల్లా నేను కూడా వేలు పెట్టి చూశాను.

పదకొండో రోజు పురిటి స్నానం అయ్యాక ఆవిడే జిప్పు తీసి గులాబీరంగు టోపీ కొడుకు చేతికిచ్చింది. "ఇప్పుడు పెట్టు, నీ సరదా తీరుతుంది." అతను పెట్టబోతే, "ఉండు ఉండు" అని, బూడిదరంగుది తియ్యకుండా దాని మీదే పెట్టించింది. రెండు టోపీల కింద మా పిల్ల మొహం గచ్చకాయంత కనిపించింది. అప్పటికి బుగ్గలు కాస్త వచ్చాయి. మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి, "ఇక భయం లేదండి" అంది.

కొన్ని నెలలకే ఆ టోపీ పిల్లకు చిన్నదైపోయింది. బీరువాలో దాచుకోవడం నాకు చేతకాదు. టోపీ, మేజోళ్ళు మళ్ళీ పీకి ఏనుగుబొమ్మ అల్లాను. ఒళ్ళు బూడిదరంగు, చెవులు మెరూన్. లోపల బూరుగుదూది కూరాను. దాన్ని తొండం పట్టుకుని ఇల్లంతా ఈడ్చేది మా మనవరాలు. తొండం ఊడినప్పుడల్లా కుట్టి ఇచ్చేదాన్ని. మిగిలిన కొసలతో మా వీధి పిల్లలకు కోడిపిల్లలు, పిచ్చుకలు చేసిపెట్టాను.

మళ్ళీ చలికాలం రాగానే నేను జీవితంలో మొదటిసారి దుకాణానికి వెళ్ళి కొత్త ఊలు కొన్నాను. మెరూన్ రంగే. మంచిది చూపించమని అడిగాను కూడా. మా ఆయన నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూశారు, జ్వరం వచ్చిందేమోనని. పొడుగ్గా, వెడల్పుగా మఫ్లరు అల్లి, వియ్యపురాలు మనవరాల్ని చూడ్డానికి వచ్చినప్పుడు ఇచ్చాను. మొదటి బస్సులో, చెవులకు చీరకొంగు చుట్టుకుని వచ్చింది పాపం.

ఆవిడ దాన్ని ఒళ్ళో పరుచుకుని నిమిరింది. తర్వాత మడతపెట్టి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

"ఏమండీ, నచ్చలేదా?"

"కొత్తది కదండీ. ముందు మీరు చుట్టుకోండి. ఈ చలికాలమంతా మీరు వాడి, నలిపి, అప్పుడివ్వండి నాకు. మళ్ళీ ఏడాదికి నేను చుట్టుకుంటాను."

"ఈ ఏడు మీ చెవిపోటు ఏం కానూ?"

"కొంగుంది కదండీ. పసిదానికేనా ఆయుష్షు? నాకొద్దా?"

ఆ ధనుర్మాసమంతా కళ్ళాపి చల్లేటప్పుడూ, ముగ్గు పెట్టేటప్పుడూ, పాలవాడికోసం గుమ్మంలో నిలబడినప్పుడూ ఆ మఫ్లరు నా చెవులకే ఉంది. చలి లేనిరోజు కూడా చుట్టుకున్నాను. బాగా నలగాలి కదా. చలి వెళ్ళాక కుంకుడురసంలో ముంచి, నీడన ఆరబెట్టి, మా అల్లుడి చేత పంపించాను. మరుసటి ఏడు ఆవిడ బస్సు దిగుతుంటే దూరంనుంచే ఆ మెరూన్ రంగు కనిపించింది. సంచిలో కొబ్బరికాయలున్నాయి. దిగుతూనే ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "చూడండి, కాయంటే ఇదీ" అంది.